ఆ తిమింగలం మన ఊరిది కాదు

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మార్చిలో మన క్లబ్ రూంలో ‘దరి’ శ్రవ్య నాటిక డెమో వినిపించాం, గుర్తుందా? అందులో ఐదో నిమిషంలో పడవ బోల్తా పడుతుంది. ఎర్రయ్య నీళ్లలోకి జారిపోతుంటాడు. పైనున్న గాలి, అరుపులు అన్నీ ఆగిపోయి ఎక్కడో దూరం నుంచి ఒక తిమింగలం మూలుగు వస్తుంది. లైట్లు ఆర్పేసి విన్నాం కాబట్టి ఇంకా బాగా పనిచేసింది. సెకండియర్ అమ్మాయి ఒకతె "అక్కా, గూస్‌బంప్స్" అని చెయ్యి చూపించింది కూడా. ఆ సౌండ్ ఎక్కడిదని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అది నెట్‌లో ఉచితంగా దొరికిన ఫైలు. కింద చిన్న అక్షరాల్లో హంప్‌బ్యాక్ వేల్, హవాయి అని ఉంది. మన నాటిక జరిగేది భీమిలికి పైన ఒక మత్స్యకార పల్లెలో. ఎర్రయ్య ఏ లెక్కన ఈదినా హవాయి చేరడు.

నన్ను పట్టుకున్నది మా నాన్న. ఆయన చేపలు పట్టే మనిషి. పల్లె పేరు రాయను, ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది. డెమో ఫైలు వాట్సాప్‌లో పంపితే రాత్రి ఫోన్ చేశాడు. ఎర్రయ్య మాటలు బావున్నాయన్నాడు, అలల చప్పుడు బావుందన్నాడు. తర్వాత కాస్త ఆగి అడిగాడు.

"మద్దిలో ఆ ఏడుపేటమ్మా?"

"తిమింగలం పాట, నాన్నా."

"అలాటి కూత మన సముద్రంలో నాను ఎప్పుడూ ఇన్నేదే."

నీటి కింద మోగే శబ్దం నీకెలా తెలుస్తుంది అని అనబోయి ఊరుకున్నాను. ముప్ఫయ్యేళ్లు సముద్రం మీద బతికినవాడు. నేను సముద్రానికి మూడు వందల అడుగుల దూరంలో పుట్టి కూడా ఒక్కసారీ పడవెక్కలేదు. మా పల్లెలో ఆడవాళ్లు వేటకి పోరు. చేప ఒడ్డుకొచ్చాక మాత్రం తట్ట నెత్తిన పెట్టుకుని ఎంత దూరమైనా పోతారు.

తిమింగలాలు బంగాళాఖాతంలో లేవని కాదు. ఒక్కోసారి చచ్చి మన తీరానికే కొట్టుకొస్తాయి, ఊరంతా చూడ్డానికి పోతుంది. కానీ మనందరి చెవిలో 'తిమింగలం' అంటే మోగే ఆ పాట హంప్‌బ్యాక్‌ది, అందులోనూ మగదానిది. దాన్ని ప్రపంచానికి ఎక్కించిన కథ మన ఈసీఈ వాళ్లకి నచ్చుతుంది. అమెరికా నేవీ బెర్ముడా దగ్గర జలాంతర్గాముల చప్పుడు వినడానికి నీటిలో హైడ్రోఫోన్లు పెట్టింది. వాటి దగ్గర పనిచేసిన ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీరు టేపుల్లో ఈ మూలుగులు పడ్డాయి. తిమింగలాల్ని వేటాడేవాళ్లకి దొరికితే ఎలా వాడుకుంటారోనని ఆయన వాటిని దాచి ఉంచి, 1960లలో రోజర్ పేన్, కేటీ పేన్ దంపతులకి ఇచ్చాడు. అవి వట్టి కూతలు కావనీ, ఒక వరసలో తిరిగి తిరిగి వచ్చే పాటలనీ రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే కలిసి 1971లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. అంతకు ముందు ఏడాదే ఆ రికార్డింగులు ఎల్పీగా వచ్చాయి. 1979 జనవరి ‘నేషనల్ జియోగ్రాఫిక్’ సంచికతో పాటు పల్చటి ప్లాస్టిక్ రికార్డుగా కోటీ ఐదు లక్షల కాపీలు ఇళ్లకి చేరాయి. అలన్ హోవనెస్ 1970లో ఆ టేపుల్ని ఆర్కెస్ట్రాతో కలిపి వాయించాడు. 1971లో జార్జ్ క్రంబ్ వేణువు, చెల్లో, పియానోలతో ‘వాక్స్ బలేనీ’ రాశాడు, అది వాయించేవాళ్లు సగం ముఖానికి నల్ల మాస్కులు పెట్టుకోవాలి. 1977లో వోయేజర్‌లో ఎక్కించిన బంగారు రికార్డులో కూడా ఈ పాట ఉంది. అంటే ఎర్రయ్య సీన్‌లో నేను వాడిన జాతి గొంతు ఇప్పుడు సౌరకుటుంబం దాటి పోతోంది.

ఇంత గొప్ప సౌండ్ కాబట్టే అది అన్నిచోట్లా అతుకుతుంది. పాత టార్జాన్ సినిమాల్లో అడవి అనగానే ఒక పక్షి పకపకా నవ్వుతుంది చూడండి, అది ఆస్ట్రేలియాలో ఉండే కూకబర్ర. అడవి ఆఫ్రికాదైనా నవ్వు మాత్రం దానిదే. నేను చేసిందీ అదే. పని జరిగిపోతుంది, ఎవరూ అడగరు. కానీ నాన్న అడిగేశాడు. మా ఊరి గురించి, మా ఊరి మాటలో నాటిక రాశానని గొప్పలు పోతూ, సముద్రాన్ని మాత్రం బయటినుంచి తెచ్చుకున్నాను. సొంతంగా రికార్డ్ చేయాలని ఆ రాత్రే అనుకున్నాను.

మంచి హైడ్రోఫోన్ ధర చూసి ట్యాబ్ మూసేశాను. మిగిలింది పైజో డిస్క్. బజర్లలో ఉండే ఇత్తడి బిళ్ల, రూపాయి బిళ్లంత. దానికి వైరు అతికించి, మొత్తం అరాల్డైట్‌లో ముంచి ఆరబెడితే నీటిలో పనిచేస్తుందని చదివాను. హాస్టల్ బకెట్లో ముంచి రికార్డర్‌కి నేరుగా పెట్టి విన్నా. మగ్గు తగిలితే టిక్కు, చుక్క పడితే టిక్కు, అన్నీ టిక్కులే, కింది స్వరం ఒక్కటీ లేదు. రెండు రోజులు జిగురుని తిట్టుకున్నాను. మూడో రోజు అనలాగ్ ల్యాబ్‌లో సార్ నవ్వి, "కెపాసిటర్‌ని తీసుకెళ్లి రెండు కిలో ఓమ్‌ల మీద పెట్టావు, ఏమవుతుంది?" అన్నారు. వైవాలో చెప్పలేకపోయిన జవాబు అప్పుడు వెలిగింది. బిళ్ల కెపాసిటెన్స్ ఇరవై నానోఫారడ్లు, మైక్ ఇన్‌పుట్ రెండు వేల ఓమ్‌లు, కలిపితే 4 కిలోహెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్. కింద ఉన్నదంతా నేనే కత్తిరించుకుంటున్నానన్న మాట. ఒక జేఫెట్, ఒక మెగాఓమ్ రెసిస్టర్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టేసరికి బకెట్లోకి బేస్ వచ్చింది. కార్నర్ 8 హెర్ట్జ్‌కి దిగింది. ఫిల్టర్ల చాప్టర్ మీద నాకున్న పగ ఆ రోజుతో సగం తీరింది. సర్క్యూట్‌నీ రికార్డర్‌నీ టిఫిన్ డబ్బాలో పెట్టి వైరు వచ్చే కన్నానికి ఎం-సీల్ మెత్తాను. రికార్డర్ పక్కరూం స్నేహితురాలిది. తడిస్తే ఫైనలియర్ ప్రాజెక్ట్ రిపోర్ట్ మొత్తం నేనే టైప్ చేయాలని ఒప్పందం.

ఇంక కావలసింది సముద్రం. వేసవి సెలవులకి ఇంటికెళ్లేసరికి ఏప్రిల్ 15 దాటింది. ఆ రోజు నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు, ఎంజిను పడవలు అన్నీ ఒడ్డున ఉండిపోతాయి. మగాళ్లు వలలు బాగుచేసుకుంటూ, భృతి డబ్బులు ఎప్పుడు పడతాయా అని ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. చేతితో తోసే తెప్పలకి మాత్రం నిషేధం లేదు. నాకు ఇంతకన్నా మంచి సమయం దొరకదు. నీటి కింద పెద్ద గోల ఎంజిన్లదే కదా, అవి ఆ రెండు నెలలు నోరు మూసుకుని ఉంటాయి. నాన్న ఖాళీ. పైగా అది వేట కాదు.

ఈ చివరి మాటే నాన్నమ్మ దగ్గర పనికొచ్చింది. "ఓలమ్మో, ఆడగుంట తెప్పెక్కడమేటి, గంగమ్మ తల్లి ఊరుకుంటాదా?" అంది. గంగమ్మా ఆడదే కదా అనబోయాను, అమ్మ కళ్లతోనే ఆపింది. నాన్న మాత్రం చాలా మామూలుగా, "ఏటకి కాదమ్మా, గుంట సదువు పని" అన్నాడు. చదువు పని అంటే మా ఇంట్లో ఇంక అప్పీలు లేదు. అమ్మ ఎక్కడినుంచో నారింజ రంగు లైఫ్ జాకెట్ తెచ్చి, నేను ఊపిరి పీల్చలేనంత బిగించి కట్టింది.

తెప్ప మీద కూర్చోవడమంటే సముద్రంలో కూర్చోవడమే. నాలుగు దుంగల మధ్య నుంచి నీళ్లు పైకొస్తాయి, నడుం దాకా తడుస్తాం. తెల్లారగట్ల, గాలి లేవకముందే, అలలు దాటించి నాన్న తెడ్డు ఆపాడు. వైరు జారవిడిచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నా. డబ్ డబ్ డబ్. దుంగలకి నీళ్లు కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. తెప్ప లేచినప్పుడల్లా వైరు బిగిసి, గిటార్ తీగలా బొయ్యిమంటోంది. గంటన్నర అదే. వాంతి ఒకసారి అయింది. (రెండుసార్లు.) నాన్న ఏమీ అనలేదు. ఒడ్డుకొచ్చాక వైరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని తెప్పకెందుకు కట్టినావు? వలకి బెండు కట్టినట్టు కట్టాల" అన్నాడు.

రెండోసారి ఆయనే కట్టాడు. వైరు చివర రెండు సీసపు గుండ్లు, అవి బిళ్లని నిటారుగా కిందికి లాగుతాయి. పైన వల బెండ్లు నాలుగు. మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క, అల లేచినా ఆ సాగుడులోనే అరిగిపోతుంది, బిళ్ల కదలదు. ఆ మొత్తాన్ని తెప్పకి ఇరవై అడుగుల దూరంలో వదిలేసి, వైరు వదులుగా ఉంచాం. ఇంటర్నెట్‌లో హైడ్రోఫోన్ వేలాడదీయడం గురించి నేను చదివిన పేజీలన్నీ చివరికి చెప్పేది ఇదే. నాన్న వాటిలో ఒక్కటీ చదవలేదు.

అప్పుడు వినపడింది సముద్రం. నిశ్శబ్దం కాదు, అసలు కాదు. వేడి నూనెలో ఆవాలు వేసినట్టు ఆగకుండా చిటపట, చిటపట. సర్క్యూట్‌లో నాయిస్ అనుకుని గుండె జారింది. తర్వాత చూస్తే అది ఒక జాతి చిన్న రొయ్య. ఒక్క పెద్ద కొండీని ఎంత వేగంగా మూస్తుందంటే, ఎగజిమ్మిన నీటిలో ఒక బుడగ పుట్టి చితికిపోతుంది. ఆ చితుకుడే మనకి వినపడేది. కొండీలు తగిలే చప్పుడు కాదు, బుడగ చప్పుడు. అలాంటివి వేలకి వేలు కింద రాళ్లలో ఉంటాయి. ఇంటికొచ్చి వినిపిస్తే అమ్మ, "ఎవరింట్లో పోపెడతన్నారు?" అంది.

కానీ ముందు విన్నది నాన్న. హెడ్‌ఫోన్ ఇచ్చాను. ఒక చెవికే ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి, "ఇది నాకు తెలుసు" అన్నాడు. మా తాత తెడ్డు నీటిలో నిలబెట్టి, పిడికి చెవి ఆనించి, కింద రాయుందో ఇసకుందో చెప్పేవాడట. "రాయుంటే ఇలాగ్గే సిటపటలాడతాది. ఇసక మీద ఇంత గోలుండదు. నాకూ నేర్పినాడు. ఎంజినొచ్చినాక ఎవులిని ఇనమంటావు?" తర్వాత హాస్టల్లో ఒక పుస్తకంలో చదివాను, లియొనార్డో డావిన్చీ కూడా ఓడ ఆపి, పొడవాటి గొట్టం నీటిలో ముంచి చెవి పెడితే దూరాన పోయే ఓడలు వినపడతాయని రాసుకున్నాడట. ఆయన ప్రపంచానికి తెలిశాడు. మా తాత మా పల్లెకైనా పూర్తిగా తెలియలేదు.

చిటపటల కింద ఇంకోటుంది. ఒకే స్వరంలో, సన్నగా, ఎంతసేపటికీ తెగని గుర్రుమనే మోత. చుట్టూ చూస్తే ఏమీ లేదు. అంచున ఎక్కడో వైజాగ్ పోర్టుకి పోయే ఓడ, గోరంత. నీటిలో శబ్దం సెకనుకి 1500 మీటర్లు పోతుంది, గాలిలోకన్నా నాలుగు రెట్లకి పైగా, పైగా అంత తొందరగా అరగదు. నిషేధం మన పడవలకి గాని ఓడలకి లేదు కదా.

మూడోసారి మే చివర్లో. డాల్ఫిన్ల కోసం వెతకలేదు. వాటి వెంటపడడం చట్టప్రకారం తప్పు. నాన్న చట్టం మాట తెలియకముందే, "ఎంటబడితే పోతాయి, కూకుంటే అయ్యే ఒస్తాయి" అనేవాడు. రెండు గంటలు కూర్చున్నాం. అవి వచ్చిన సంగతి కళ్లకన్నా ముందు చెవులకి తెలిసింది. చిటపటల మీదుగా సన్నని ఈల, కింద నుంచి పైకి లేచి వంపు తిరిగి ఆగింది. ఇంకోటి దానికి అడ్డంగా. తర్వాత తలుపు కిర్రుమన్నట్టు క్లిక్కులు, దగ్గరయ్యేకొద్దీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి. తలెత్తేసరికి నలభై అడుగుల్లో బూడిద రంగు వీపులు, వీపు మీద గూనిలా ఎత్తు, దాని మీద చిన్న రెక్క. హంప్‌బ్యాక్ డాల్ఫిన్లే అనుకుంటున్నాను. నీటి పైన మాత్రం వాటి నుంచి వచ్చేది ఒక్కటే చప్పుడు, 'బుస్' మని ఊపిరి. అంతే. హెడ్‌ఫోన్ తీస్తే ఊపిరి, పెడితే ఊరంత మాటలు. నేను తీసి పెట్టి, తీసి పెట్టి పిచ్చిదాన్నయిపోయాను. నా రికార్డర్ సెకనుకి 96 వేల శాంపిళ్లు తీస్తుంది, అంటే 48 కిలోహెర్ట్జ్ దాకానే. వాటి క్లిక్కులు వంద దాటి పోతాయి. నాకు దొరికింది అంచు మాత్రమే.

హెడ్‌ఫోన్ నాన్నకిచ్చాను. సంతోషపడతాడనుకున్నాను. ఒక నిమిషం విని తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు. అవి వెళ్లిపోయాక చెప్పాడు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి సంగతి. రాత్రి వల వేసి పడుకున్నారు. లాగేసరికి అందులో డాల్ఫిన్ పిల్ల. అవి మనలాగే గాలి పీల్చేవి, వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతాయి. అప్పటికే చచ్చిపోయి ఉంది. తల్లి పడవ చుట్టూ తిరుగుతోంది. పిల్లని వల కోసి నీటిలోకి వదిలారు. తెల్లారేదాకా తల్లి అక్కడే. "మాకు బుస్సు బుస్సుమనే ఇనిపించింది. సప్పుడు సెయ్యట్నేదు, ఊరికే తిరగతంది అనుకున్నాం" అన్నాడు నాన్న. "కింద ఇంత గోలెట్టుంటాది."

వల నష్టం సంగతి ఇంట్లో చెప్పాడట, పిల్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. డాల్ఫిన్ వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి ఉన్నచోటే. భయం. కానీ భయం ఒక్కటే అయితే ఎనిమిదేళ్లు అలా మోయడు.

బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో ఒక్కోదానికి ఒక సొంత ఈల ఉంటుందనీ, దాదాపు పేరు లాంటిదనీ, తల్లీపిల్లా విడిపోతే అదే ఈల మళ్లీ మళ్లీ వేస్తాయనీ నేను అప్పటికే చదివి ఉన్నాను. కాల్డ్‌వెల్ దంపతులు 1965లోనే రాశారు. ఆ మాట నాన్నకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఈ పత్రిక ఆయన చదవడు, చదివితే చదవనీ.

"ఇది రాసుకోనా?" అని మాత్రం అడిగాను. తెడ్డు వేస్తూ, "రాసుకో, పేరెట్టకు" అన్నాడు.

మూడు ట్రిప్పులు, నాలుగు గంటల పది నిమిషాల ఫైళ్లు. అందులో డాల్ఫిన్లు యాభై రెండు సెకన్లు. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ తెరిచి చూస్తే నా బిళ్ల 4 కిలోహెర్ట్జ్ దగ్గర సొంతంగా మోగుతూ ఒక గీత గీసేసింది, ఈలలు దాన్ని కోసుకుంటూ పోతున్నాయి. నాలుగు రెట్లు నిదానం చేస్తే మనకి వినపడని పై భాగం కిందికి దిగి, అచ్చం ఆ హవాయి పాటలా సాగదీసి మూలుగుతుంది. చాలా బావుంది. రెండు రోజులు అదే పెట్టేద్దామని ఊగాను. రికార్డింగ్ మనదే, సాగదీయడం కూడా కళే అని వాదించుకున్నాను. కానీ ఎర్రయ్య మునుగుతున్నప్పుడు సముద్రం ఆయన కోసం నిదానించదు కదా. తీసేశాను.

జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం అయిపోయింది. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి పడవలన్నీ ఒకేసారి దిగాయి. ఇప్పుడది వేట, నేను ఒడ్డునే. డబ్బా నాన్న పట్టుకెళ్లాడు. నేను అడగలేదు. సాయంత్రం వంజరం రెండు, కవళ్లు ఒక బుట్ట, డబ్బా తెచ్చాడు. ఫైలు తెరిస్తే మొదట తెడ్డుతో పడవ అంచుని మూడుసార్లు కొట్టిన చప్పుడు, రికార్డింగ్ మొదలైన గుర్తుకి నేను నేర్పిందే. తర్వాత చిటపట. తర్వాత ఈలలు, నాకు ఎప్పుడూ దొరకనంత దగ్గరగా, నాలుగో ఐదో గొంతులు. రెండు నిమిషాల పది సెకన్లు. ఆ తర్వాత ఎంజిను లేచింది. గడగడమని గోడ కూలినట్టు, అన్నీ దాని కింద పోయాయి.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు మీరు విన్న ‘దరి’లో ఐదో నిమిషం అదే. ముక్క కూడా కోయలేదు. నాన్న మాటతీరునే ఎర్రయ్యకి పెట్టినందుకు గిడుగు వారి పుట్టినరోజున నాకు కాస్త గర్వంగానే ఉండింది గాని, హాల్లో ఎవరికీ గూస్‌బంప్స్ రాలేదు. చిటపటలు మొదలవగానే వెనక వరుసలో ఎవరో "స్పీకర్ పోయింది" అన్నారు. ఎంజిను దగ్గర ఇద్దరు చెవులు మూసుకున్నారు. సీనియర్ ఒకాయన బయటికొచ్చాక, పాతదే బావుండేది, తిమింగలాన్ని ఎందుకు తీసేశావని నిజంగానే బాధపడ్డాడు. ఆయనకి జవాబుగానే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

నాన్నకి ఫైలు పంపించాను. మర్నాడు రాత్రి ఫోన్.

"ఆడు మునిగినకాడ, అది నా ఎంజిను కదా?"

"అవును నాన్నా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక సముద్రం హోరు వినపడుతోంది.

"ఆయిలు మార్చాల" అన్నాడు. "ఇంటే తెలిసిపోతంది."